వంగిన చిటికెన వేలు

అక్టోబర్ 3, బుధవారం

ఈ పుస్తకం బడివాళ్ళు ఇచ్చారు, వంటగదిలో పనిచేసే నలుగురికీ తలా ఒకటి. చలికాలం రాకముందే వంటగదికి హీటర్ పెట్టించమని మేము వేసవిలో అర్జీ పెట్టుకున్నాం. దానికి జవాబుగా వచ్చింది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో "కృతజ్ఞతా డైరీ" అని ఉంది. ప్రతి పేజీ కింద మూడు గీతలు గీసి, ఈ రోజు మీరు కృతజ్ఞతతో తలచుకునే మూడు విషయాలు రాయండి అని అచ్చువేశారు. కొత్త పుస్తకం పాడుచేయడం ఇష్టంలేక రాస్తున్నాను.

మా అకాడమీలో భోజనాల వేళ పిల్లలు మాట్లాడకూడదు. దాన్ని "సున్నా స్వరం" అంటారు. గోడ మీద పెద్ద సున్నా బొమ్మ, దానికి నవ్వు ముఖం. మాట్లాడిన పిల్లకి పది పాయింట్లు పోతాయి. రెండు వందల నలభై మంది పిల్లలు చప్పుడు లేకుండా నములుతుంటే వడ్డించే కిటికీ వెనక నిలబడి చూడడం నాకు ఏడేళ్ళుగా అలవాటే. మందిరంలో కూడా అంత నిశ్శబ్దం ఉండదు. అక్కడ మావాళ్ళు దేవుడితో గట్టిగానే మాట్లాడతారు.

ఇవాళ రెండో విడతలో స్తంభం వెనక బల్ల దగ్గర మార్క్వెల్ అనే పిల్లాడికి ఆయాసం వచ్చింది. వాడి పక్కనే మా జెకియా. నా మనవరాలు, పదకొండేళ్ళు, ఆరో తరగతి. అది అరవకూడదు, బల్ల వదిలి వెళ్ళకూడదు. అందుకని నిలబడి, ఎడమ పిడికిలి నడుము వెనక పెట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తి, ఆ చేత్తోనే రెండుసార్లు గుండె తట్టుకుంది. ఆదివారం మందిరంలో మా ద్వారసేవ బృందం వాడే సైగ అది. ఇక్కడ ఒకరికి బాగోలేదు, సాయం పంపండి అని. వాక్యోపదేశం జరుగుతున్నప్పుడు గుమ్మాల దగ్గర నిలబడేవాళ్ళం మాట్లాడం, చేతులతోనే చెప్పుకుంటాం. దానికి ఆరేళ్ళప్పుడు నేనే నేర్పాను.

నా చెయ్యి దానంతట అదే లేచి జవాబిచ్చింది. అందింది, వస్తున్నాను అని.

వెనక తలుపులోంచి, కెమెరాకి కనబడకుండా స్తంభం చాటుగా వెళ్ళాను. బడి నర్సు మంగళ, గురువారాలే వస్తుంది. పిల్లల ఇన్‌హేలర్లన్నీ ఆమె బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఇంకో ఇన్‌హేలర్ మార్క్వెల్ మేజోడులో పెట్టి పంపుతుంది వాళ్ళమ్మ. బడికి తెలిస్తే వాణ్ణి పంపేస్తారు, తెలియకపోతే వాడు బతుకుతాడు. తీసి నోటికి పెట్టాను. నాలుగు పీల్పులకి పెదవులకి రంగు వచ్చింది. అంతా ఒక నిమిషంన్నర.

వంటవాళ్ళు కిటికీ వదిలి రాకూడదు, పిల్లలకి మందు ముట్టించకూడదు. నిరుడు మాతో పనిచేసే మిస్ అడెల్‌ని తలనొప్పి మాత్ర ఇచ్చినందుకే తీసేశారు. అందుకని ఈ సంగతి ఎక్కడా చెప్పను, ఇక్కడ తప్ప.

కృతజ్ఞతలు: 1. మార్క్వెల్ ఊపిరి. 2. స్తంభం. 3. ఈ పుస్తకం.

బైబిల్లో లూకా పదమూడో అధ్యాయం. రోజుకొకటి చదువుతున్నాను.

అక్టోబర్ 4, గురువారం

జెకియా ఒక కాగితం తెచ్చింది. రేపు ఎనిమిదింటికి పెద్దవాళ్ళు రావాలట. విషయం: "చేతుల వినియోగం."

పోయిన నెల కూడా ఒక కాగితం వచ్చింది. టీచరు ప్రశ్న పూర్తిచేయకముందే చెయ్యెత్తుతోంది, రెండు చేతులూ ఎత్తుతోంది, మిగతా పిల్లలకి అవకాశం రావడం లేదు అని. ఇదీ అలాంటిదే అయివుంటుంది.

అక్టోబర్ 5, శుక్రవారం

మిస్టర్ హోల్‌కూమ్ బడి భద్రతాధికారి. నెమ్మదైన మనిషి. నన్ను మేడమ్ అన్నాడు, కుర్చీ లాగి వేశాడు. పక్కన వైస్ ప్రిన్సిపల్ మిస్ ప్రూయిట్. ఏడేళ్ళుగా ఆమెకి చీజ్ లేని శాండ్‌విచ్ వేరుగా కట్టి ఇస్తున్నది నేనే. జుట్టు వల లేకుండా నన్నెప్పుడూ చూడలేదు కాబోలు, "మీరు ఎక్కడ పనిచేస్తారు?" అని అడిగింది.

"ఆహార సేవల్లో."

"ఎంత చక్కటి పని!" అంది.

మిస్టర్ హోల్‌కూమ్ కెమెరాలోంచి తీసిన రెండు ఫొటోలు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో జెకియా చెయ్యెత్తి నిలబడి ఉంది. రెండోదాంట్లో వంటగది కిటికీలో ఒక చెయ్యి. మణికట్టు దాకానే కనిపిస్తోంది. నీలం తొడుగు వేసుకుని ఉంది.

"ఇవి ముఠా సైగలు మేడమ్," అన్నాడు బాధగా. "ఈ నగరంలో ముఠాలు పిల్లల్ని ఈ వయసులోనే పట్టుకుంటాయి. నేను రెండు రోజుల శిక్షణ తీసుకున్నాను. చిటికెన వేలు చూడండి. ఇద్దరిదీ లోపలికి వంగే ఉంది. అది ఊరికే జరగదు. పైస్థాయివాళ్ళ గుర్తు."

నా చిటికెన వేలు బేకరీలో పనిచేసేటప్పుడు పిండి కలిపే యంత్రంలో పడింది. పదహారేళ్ళయింది. అప్పటినుంచీ చాచుకోదు. చిన్నపిల్లలకి సైగలు నేర్పేది నేనే కాబట్టి మా మందిరంలో పిల్లలంతా వేలు వంచే చేస్తారు. మా బృందం పెద్ద మదర్ ఒరీతా అందుకు నన్ను తిట్టని ఆదివారం లేదు.

సైగ చర్చిదని చెప్పాను. గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళం వాడుకుంటామని, నేనే నేర్పానని చెప్పాను. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. "చర్చిని అడ్డుపెట్టుకుంటున్నారన్నమాట," అని పైకే అనుకున్నాడు.

తర్వాత జెకియా వైపు వంగాడు. "ఎవరికి సైగ చేశావో చెప్తే సగం తీరిపోతుంది తల్లీ. ఆ తర్వాత స్తంభం వెనక నిమిషంన్నర ఏం చేశావు?"

"గుర్తులేదు సార్," అంది నేల చూస్తూ.

ఆయన నా వైపు తిరిగాడు. "వంటగదిలో ఆ చెయ్యి ఎవరిదై ఉంటుందంటారు మేడమ్?"

"వంటగదిలో అందరూ మంచివాళ్ళే సార్," అన్నాను.

అది అబద్ధం కాదు.

నా చెయ్యి సంచి కింద ఉంది. ఆ గదిలో చలి.

సాయంత్రం షనీస్ గిడ్డంగి డ్యూటీకి బూట్లు వేసుకుంటూ అంతా విన్నది. షనీస్ నా కూతురు, జెకియా తల్లి. నాలా మెత్తగా మాట్లాడదు.

"అమ్మా, నువ్వు చెప్పలేదా?"

"ఆయన అడగలేదుగా."

"చెయ్యి ఎవరిదని అడిగాడని ఇప్పుడే చెప్పావు!"

"ఎవరిదై ఉంటుందంటారు అన్నాడు. నీదా అని అడగలేదు."

షనీస్ ఒక బూటు చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది. "నేను వెళ్ళి చెప్పగలను. అప్పుడు నిన్ను నేను పట్టిచ్చినట్టవుతుంది. నీ పని పోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుందో నాకూ తెలుసు. కానీ అది పిల్లమ్మా."

జెకియా మొండితనం వాళ్ళమ్మ నుంచే వచ్చింది. ప్రార్థనలో పెట్టాలి.

కృతజ్ఞతలు: 1. మిస్టర్ హోల్‌కూమ్ మర్యాద. 2. సంచి. 3.

అక్టోబర్ 7, ఆదివారం

మొదటి ఆదివారం కాబట్టి తెల్ల దుస్తులు, తెల్ల తొడుగులు. మదర్ ఒరీతా టబ్స్ మా ద్వారసేవ అధ్యక్షురాలు. ఎనభై ఒకటి నడుస్తోంది, ఇప్పటికీ ఆరాధన అయ్యేవరకు కూర్చోదు. ఫొటోలో ఉన్న చెయ్యి సంగతి తప్ప అంతా చెప్పాను.

"ముఠానా?" అంది. "మన దగ్గర నియమావళి ఉంది, బొమ్మలతో సహా. అది చూపిస్తే ఆయనకే సిగ్గేస్తుంది. మంగళవారం అందరం వెళ్దాం. దుస్తులు ఇస్త్రీ చేసుకోండి."

మనం శుభ్రంగా ఉండి, నెమ్మదిగా చెప్పి, కాగితం చూపిస్తే ఎవరైనా వింటారు. నేను జీవితమంతా అదే నమ్మాను. జెకియాకీ అదే చెప్పి పెంచాను. దుకాణంలో జేబులో చేతులు పెట్టకు, బస్సులో గట్టిగా నవ్వకు, పోలీసు ఎదురైతే అరచేతులు కనబడనివ్వు.

అక్టోబర్ 9, మంగళవారం

ఐదుగురం వెళ్ళాం. అందరం తెల్ల దుస్తుల్లో. అందరికంటే చిన్నదాన్ని నేనే.

మిస్టర్ హోల్‌కూమ్ నియమావళి చేతిలోకి తీసుకోగానే ముఖం వెలిగిపోయింది. "రాతపూర్వకంగా కూడా ఉందా!" అని పేజీలు తిప్పుతూ పైకి చదివాడు. "ప్రతి తలుపు దగ్గర ఒక మనిషి. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ కనిపెట్టి ఉండాలి. మాటలు లేకుండా కబురు అందించాలి. మొదటి ఆదివారం తెలుపు, మిగతా ఆదివారాలు నలుపు. ఆజ్ఞ లేకుండా స్థానం వదలకూడదు." పుస్తకం మూశాడు. "మీ నాయకురాలు ఎవరు?"

"నేనే. ముప్పై ఒక్కేళ్ళుగా," అంది మదర్ ఒరీతా గర్వంగా.

"మారుపేరు ఉందా?"

"అందరూ మదర్ అంటారు."

రాసుకున్నాడు. "మీరు మొత్తం ఎంతమంది?"

"ఈ నగరంలోనా నాయనా, దేశమంతటానా?"

ఆయన కూర్చుండిపోయాడు.

సైగలు ఒక్కసారి చేసి చూపించమని, ఫొటో తీసుకుంటానని అన్నాడు. వాళ్ళు నలుగురూ టోపీలు సర్దుకుని, పిడికిళ్ళు వెనక పెట్టుకుని, చేతులెత్తి, పెళ్ళి ఫొటోకి నిలబడినట్టు నిలబడ్డారు. నన్నూ పిలిచాడు.

"నాకు మోకాలు నొప్పి సార్," అన్నాను.

బస్టాప్ దాకా మదర్ ఒరీతా నా మోకాళ్ళు చూస్తూ నడిచింది. బస్సు కనబడ్డాక అంది: "మోకాలితో చేసే సైగ నా ముప్పై ఒక్కేళ్ళలో ఎప్పుడూ చూడలేదు, వెర్డెల్."

అక్టోబర్ 10, బుధవారం

ప్రార్థించాను. లూకా ఇరవై.

అక్టోబర్ 12, శుక్రవారం

నలుగురికీ ఉత్తరాలు వచ్చాయి. బడి ఆవరణకి మూడు వందల అడుగుల లోపలికి రాకూడదు. "జాగ్రత్త జాబితా"లో పేర్లు ఎక్కాయి. మదర్ ఒరీతా పేరు ఎదుట "సూత్రధారి" అని ఉంది. ఫోన్ చేసి నాకు రెండుసార్లు చదివి వినిపించింది.

"ఎనభై ఒక్కేళ్ళకి ఒకరు నన్ను చూసి భయపడ్డారే! నా మొగుడు బతికుంటే చూసి మురిసిపోయేవాడు." కాసేపు నవ్వి, తర్వాత గొంతు మార్చింది. "పిల్ల ఎలా ఉంది?"

బాగుందని చెప్పాను.

నాకు ఉత్తరం రాలేదు. నేను సైగ చేయలేదు కదా.

లూకా ఇరవై ఒకటి. నిన్నా అదే చదివాను. నిన్న సరిగా ఎక్కలేదు.

అక్టోబర్ 15, సోమవారం

బడిలో హీటర్లు పనిచేయడం లేదు. పిల్లలు కోట్లు వేసుకునే తిన్నారు. కొళాయిల మీద ఇంకా సంచులు కట్టే ఉన్నాయి, ఆ నీళ్ళలో సీసం ఉందట. చలికి మార్క్వెల్ దగ్గుతూనే ఉన్నాడు. జెకియా వాడి పక్కన కూర్చోలేదు, కూర్చోనివ్వలేదు.

అది చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. తినడానికి కుడిచెయ్యి తీసి, ముద్ద అవగానే మళ్ళీ కింద పెట్టేసుకుంటోంది. చలికేమో అనుకున్నాను.

సాయంత్రం సంచిలో ఒక ఎర్ర కాగితం దొరికింది. అంచున నక్షత్రాలు. "ఈ వారం చేతుల నియంత్రణలో అద్భుతమైన ప్రగతి! తరగతిలో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. ఇరవై పాయింట్లు." కింద టీచరు నవ్వు ముఖం గీసింది.

ఫ్రిజ్ మీద అంటించాను. మంచి సంగతే కదా. షనీస్ వచ్చి దాన్ని తీసి తిరగేసి అంటించింది.

లూకా ఇరవై ఒకటి.

అక్టోబర్ 17, బుధవారం

జెకియాకి జడలు వేస్తున్నాను. నా మోకాళ్ళ మధ్య నేల మీద కూర్చుంది. జడలు వేసేటప్పుడు ఒకరి ముఖం ఒకరికి కనబడదు. మా ఇంట్లో చెప్పుకోవలసినవన్నీ అప్పుడే చెప్పుకుంటాం.

"అమ్మమ్మా, మార్క్వెల్ తను చెప్పేస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వద్దన్నాను. చెప్తే వాడి ఇన్‌హేలర్ తీసేసుకుంటారు. తర్వాత వాణ్ణి పంపేస్తారు. తర్వాత నిన్ను. అందరికంటే నా ఒక్కదానికైతే తక్కువ నష్టం. నేను లెక్కేశాను."

దువ్వెన ఆగిపోయింది.

"నేను నిన్ను అలా చేయమని అడగలేదు, తల్లీ."

"లేదు," అంది. "నువ్వు అడగలేదు."

అంతే అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. పదకొండేళ్ళ పిల్ల ఇంట్లో ఎవరు పోతే ఎంత నష్టమో లెక్కేసుకుంటోంది. ఆ లెక్క బడిలో నేర్పలేదు.

జడ వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ వేశాను.

అక్టోబర్ 18, గురువారం

జెకియా మీద విచారణ ఇరవై నాలుగున. మిస్ ప్రూయిట్ ఇచ్చిన కాగితాల్లో రెండు దారులున్నాయి.

ఒకటి, జెకియాని "రెండో అవకాశం కేంద్రం"కి పంపడం. ఒకప్పుడు టైర్ల గోదాం. కిటికీలకి ఇనుప వల. అక్కడ ఇంటిపని ఇవ్వరట, పుస్తకాలు లేవు కాబట్టి. మా వీధిలో ముగ్గురు పిల్లలు అక్కడికి వెళ్ళారు. ఒక్కడూ హైస్కూల్ ముఖం చూడలేదు.

లేదంటే "నిష్క్రమణ పత్రం" మీద సంతకం. ఈ బిడ్డ ముఠాలో ఉండేది, ఇప్పుడు వదిలేసింది, ఇకముందు దాని సభ్యులతో కలవదు అని. అందులో నాలుగో ప్రశ్న: "ఈ బిడ్డను ఎవరు చేర్చారు?"

"ఎప్పుడూ చేరనివాళ్ళకి వేరే పత్రం ఉందా మేడమ్?" అని అడిగాను.

మిస్ ప్రూయిట్ నిజంగానే వెతికింది పాపం, మూడు అరలు లాగి. "లేదండీ. వదిలేసినవాళ్ళకే ఉంది. చేరితేనే కదా వదలడం కుదిరేది!"

సంతకం చేస్తే అది మందిరం గుమ్మం దగ్గర నిలబడకూడదు. మదర్ ఒరీతా ఎదురొస్తే వందనం చెప్పకూడదు. చేయకపోతే గోదాం. మూడో దారి ఉందో లేదో కాగితంలో రాయలేదు.

మిస్ ప్రూయిట్‌కి ఇవాళ పొరపాటున చీజ్ పెట్టి ఇచ్చాను.

అక్టోబర్ 21, ఆదివారం

విచారణ అయ్యేవరకు జెకియా ద్వారసేవలో నిలబడకూడదన్నారు బడివాళ్ళు. చివరి వరసలో వాళ్ళమ్మ పక్కన కోటు వేసుకునే కూర్చుంది, చేతులు తొడల కింద పెట్టుకుని. నేను నడి గుమ్మంలో నిలబడ్డాను. ఎవరో కొత్తవాళ్ళు వచ్చారు. రెండు చోట్లు ఖాళీ ఉన్నాయని సైగ చేయాలి. నా చెయ్యి లేవలేదు. వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

లూకా ఇరవై ఒకటి.

అక్టోబర్ 22, సోమవారం

లూకా ఇరవై ఒకటి.

అక్టోబర్ 23, మంగళవారం

ఇవాళ ఇరవై రెండు చదివాను. ఇన్నాళ్ళూ ఎందుకు దాటేశానో నాకు తెలుసు. ప్రభువుని పట్టుకెళ్ళిన రాత్రి ఆయన శిష్యుడు పేతురు ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో మంట దగ్గర చలి కాచుకుంటున్నాడు. ఒక పనిపిల్ల వచ్చి నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా అంటుంది. ఆయనెవరో నేనెరగను అంటాడు. ఇలా మూడుసార్లు. అప్పుడు కోడి కూస్తుంది.

పేతురికి కూడా చలిగానే ఉంది.

నిష్క్రమణ పత్రం బల్ల మీద పెట్టుకున్నాను. నాలుగో ప్రశ్నకి చక్కటి అక్షరాలతో నా పూర్తి పేరు రాశాను. వెర్డెల్ లూయిస్ గాస్కిన్స్. మిగతా ప్రశ్నలు ఖాళీగా వదిలేశాను.

అక్టోబర్ 24, బుధవారం

విచారణలో బల్లకి అవతల ఇద్దరు, ఫోన్‌లో పై అధికారి ఒకరు. ఫోన్‌లో ఉన్నాయన ఏదో నములుతున్నాడు. ఆయనకి సున్నా స్వరం లేదు.

మిస్టర్ హోల్‌కూమ్ గోడ మీద ఫొటో పెద్దది చేసి చూపించాడు. నా చెయ్యి కారు అంత ఉంది. "ఈ వ్యక్తిని ఇంకా గుర్తించలేదు," అన్నాడు. "చాలా జాగ్రత్తపరుడు. ఎక్కడా ముఖం కనబడనివ్వలేదు."

నేను లేచాను. "ఆ చెయ్యి నాది."

"కొంచెం గట్టిగా," అంది ఫోన్.

యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి గొంతు పెంచాను. బల్ల మీద గాజు గ్లాసు మోగింది. "ఆ చెయ్యి నాదండీ!"

మిస్టర్ హోల్‌కూమ్ జాలిగా నవ్వాడు. "మేడమ్, మనవరాలి మీద ప్రేమ అర్థమవుతుంది. కానీ అది పైస్థాయి వ్యక్తి చెయ్యి. మిమ్మల్ని మూడు వారాలుగా చూస్తున్నాను కదా."

సంచి తీసి కింద పెట్టాను. అందులోంచి వంటగది తొడుగు తీసి వేసుకుని, ఎడమ పిడికిలి వెనక పెట్టుకుని, కుడి చెయ్యి ఎత్తాను. అందింది, వస్తున్నాను. ఆ తర్వాత వెళ్ళి చెయ్యి ఆయన ముందు చాపాను.

"ఈ చిటికెన వేలు చాచండి సార్."

మర్యాదగా లాగాడు. తర్వాత కొంచెం గట్టిగా లాగాడు. ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. వేలు మాత్రం రాలేదు. ఆయన గోడ వైపు చూశాడు, వేలు వైపు చూశాడు, మళ్ళీ గోడ వైపు చూశాడు. శిక్షణలో ఇది చెప్పినట్టు లేదు.

"మీరు... వంటగదిలో పనిచేస్తారా?" అంది మిస్ ప్రూయిట్.

"ఏడేళ్ళుగా. మీకు చీజ్ పడదు."

అంతా చెప్పాను. ఒక బిడ్డకి ఊపిరి ఆడలేదని, మాట్లాడకూడదన్న నియమం ఉంది కాబట్టి నా మనవరాలు మాట్లాడకుండానే పిలిచిందని, నేను కిటికీ వదిలి వెళ్ళి మందు ఇచ్చానని. బిడ్డ పేరు చెప్పలేదు.

"మందు ఎక్కడిది?" అంది ఫోన్.

"దేవుడు సమకూర్చాడండీ."

అది అబద్ధం కాదు.

"అయితే ఈ పిల్లని ఇందులో చేర్చింది ఎవరు?"

"నేనే. ఆరేళ్ళప్పుడు, మందిరం గుమ్మంలో."

వెనక కుర్చీలో షనీస్ ముక్కు చీదుకుంది. జెకియా మూడు వారాల తర్వాత నా ముఖంలోకి చూసింది. దాని చేతులు తొడల కిందనుంచి బయటికొచ్చి ఒళ్ళో ఉన్నాయి.

కృతజ్ఞతలు: 1. పిండి కలిపే యంత్రం.

అక్టోబర్ 26, శుక్రవారం

మూడు కాగితాలు వచ్చాయి.

మొదటిది: జెకియా ఈ బడిలోనే ఉంటుంది. జాబితాలోంచి పేరు తీసేసే పద్ధతి లేదు కాబట్టి పేరు పక్కన "ప్రస్తుతం నిశ్చలం" అని రాస్తారు.

రెండోది నాకు: స్థానం వదిలినందుకు, మందు ముట్టించినందుకు పని నుంచి తీసేశారు. రెండు ఏప్రన్లు, గుర్తింపు కార్డు, కృతజ్ఞతా డైరీ సోమవారంలోగా తిరిగి ఇచ్చేయాలి. మా నియమావళిలోనూ స్థానం వదలకూడదనే ఉంది. కానీ మాకు ఇంకో వాక్యం కూడా ఉంది, ఎవరైనా పడిపోతే తప్ప అని.

మూడోది బడి వార్తాపత్రిక. "సున్నా స్వరం ఒక ప్రాణాన్ని కాపాడింది!" మా క్రమశిక్షణ వల్లే ఒక విద్యార్థిని ప్రశాంతంగా స్పందించగలిగింది అని రాశారు. మిస్ ప్రూయిట్ ఫోన్ చేసింది. జెకియా ఆ సైగ చేస్తూ ఉంటే ఒక ఫొటో కావాలట, వచ్చే సంచిక ముందు పేజీకి.

ఫోన్ షనీస్ లాక్కుంది. "మీ దగ్గర ఉందిగా ఫొటో. జాబితాలో చూసుకోండి," అని పెట్టేసింది.

అక్టోబర్ 27, శనివారం

మార్క్వెల్, వాళ్ళమ్మ వచ్చారు. వేయించిన చేపల పెట్టె తెచ్చారు, రొట్టె ముక్కల మీద మిరపసాస్ కారుతూ. ఆమె మెట్ల మీద కూర్చుంది. వెళ్ళేటప్పుడు, మా మెట్లు తను కడుగుతానంది. వద్దంటే వినలేదు.

వాడి మేజోడు ఎత్తుగా ఉంది. అందరం చేప ముక్కల వైపే చూశాం.

జెకియా బడిలో ఇంకా చెయ్యెత్తడం లేదు. నిన్న టీచరు అడిగిన ప్రశ్నకి జవాబు తెలుసా అని నేను అడిగితే, "తెలుసు," అంది. అంతే.

అక్టోబర్ 28, ఆదివారం

రేపు ఈ పుస్తకం ఇచ్చేయాలి. రాసిన పేజీలు చింపుకుని మిగతాది ఇస్తాను. ఖాళీ పేజీలే కదా వాళ్ళవి.

నాలుగో ఆదివారం, నల్ల దుస్తులు. జెకియా నా కంటే ముందే తయారైంది. నా మెడ వెనక చిన్న బొత్తాలు నాకు అందవు, అదే పెట్టింది. పది వేళ్ళూ చకచకా ఆడాయి.

మందిరంలో నడి వరస దానికి ఇచ్చారు. నేను గుమ్మంలో ఉన్నాను. పాట మొదలవకముందే పోయిన వారం వెనక్కి వెళ్ళిపోయిన కొత్తవాళ్ళు మళ్ళీ వచ్చారు, భార్యాభర్తలు. నేను నడి వరస వైపు చూశాను. ఎడమ పిడికిలి వెనక్కి వెళ్ళింది. కుడి చెయ్యి లేచింది, మందిరం అంతటికీ కనబడేంత ఎత్తుకి. రెండు చోట్లు, ఇక్కడ. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

మదర్ ఒరీతా దాని వెనక నుంచి వంగి గుసగుసలాడింది. ఆమె గుసగుస మూడు వరసలకి వినబడుతుంది. "వేలు చాపు, పిల్లా."

"చాచుకోదు, మదర్," అంది జెకియా. "మా ఇంట్లో అందరిదీ ఇంతే."

మదర్ ఒరీతా నా వైపు చూసింది. ఈసారి తిట్టలేదు. తన చెయ్యి తను ఎత్తి, అందింది అని సైగ చేసింది. ఆమె వేలు కూడా వంచింది.

గుమ్మంలో నిలబడినవాళ్ళు ఏడవకూడదు. నియమావళి, తొమ్మిదో పేజీ. కొత్తవాళ్ళని నడి వరసకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి వచ్చి, నా స్థానంలో నిలబడ్డాను.